బూట్ల ధర సరే, చీర ఏ ఊరిది?

సంపాదకుడు గారికి,

మీ పేపర్లో నేను ముందు తిప్పేది సినిమా పేజీయే. మొదటి రోజు షో కోసం ఇంట్లో అబద్ధాలు చెప్పే రకాన్ని, ఆ చనువుతోనే రాస్తున్నాను. హీరో ఎయిర్‌పోర్టులో వేసుకున్న బూట్లు ఎంతో, వాచీ ఏ కంపెనీదో పూసగుచ్చినట్టు రాస్తారు. హీరోయిన్ చేనేత చీరలో వస్తే మాత్రం 'సంప్రదాయ లుక్' అని సరిపెట్టేస్తారు. అది ఏ ఊరి నేత?

మొన్న బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్లో మంగళగిరి చీరంటూ ఒకటి చూపించారు. మా అమ్మమ్మ అంచు తిరగేసి చూసి పక్కన పడేసింది. మంగళగిరి చీరకు వేసే నిజాం అంచులో గుడి గోపురాల్లాంటి చిన్న చిన్న మొనలు వరసగా ఉండాలట. ఇందులో మొనలు మొద్దుబారిపోయాయి, వెనకవైపు తెల్లగా ఉంది. అచ్చు గుద్దిన బట్ట! కృష్ణ దాటితే వచ్చే ఊరి నేత గురించి నాకు అప్పటిదాకా తెలియదు, సిగ్గేసింది. కలంకారీ కూడా అంతే. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి ఒక ఫొటో వేసి ఊరుకోకుండా, తారల ఫొటోల కింద ఇలాంటి ముక్క ఒకటి వేయండి.

ఇంకోటి. గాంధీనగర్‌లో ఒకప్పుడు సినిమా హాళ్ల ముందు చేత్తో బొమ్మలు వేసిన కటౌట్లు పెట్టేవారని నాన్న చెబుతుంటారు. ఆ బొమ్మలు వేసినవాళ్లతో మాట్లాడి ఓ ఆదివారం రాయండి. ఇప్పుడన్నీ ఫ్లెక్సీలే. మా హీరో ఫ్లెక్సీలో కింద వరసలో నా ఫొటో కూడా ఉంది లెండి, పాస్‌పోర్టు సైజులో.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థి,
సత్యనారాయణపురం, విజయవాడ