లెక్కల మేడం బతికిందిరా!

ఒరేయ్ సోడాబుడ్డీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని అలగకు, ఏమనుకోకు. ముందు ఇంటి సంగతులు: నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది, దాళ్వా కోతలైపోయాయి, చెల్లి సంబంధం ఖాయమైంది, మీ అమ్మగారు నిన్న గుడి దగ్గర కనబడ్డారు, కులాసా. అంతే. ఇక అసలు సంగతి. మన లెక్కల మేడం చావు దాకా వెళ్లి వచ్చిందిరా!

పోయిన సెలవుల్లో నువ్వే పేరు పెట్టావు కదా, మన నోటుబుక్కులు చూసినట్టే తల పక్కకి వంచి ఒంటికంటితో చూస్తుందని. ఆ నల్ల కోడిపెట్టే. పెరట్లో కోళ్లన్నిటికీ టీకా వేసిన రోజున అది గడ్డివాములో ఎక్కడో పొదుగుతూ కూర్చుంది, ఎంత వెతికినా దొరకలేదు. ఎండలు ముదరగానే కొక్కెర తెగులు ఊరి మీద పడింది. అవతలి వీధిలో గంపలకు గంపలు ఖాళీ. ఆ రోగానికి ఇంకో పేరు రాణిఖేత్. అవును, నీకు పోస్టింగ్ పడిన ఊరే, కొండల ముందు నిలబడి ఫొటో పంపావే, అదే! 1920ల్లో మన దేశంలో మొదట అక్కడే గుర్తించారట. అంత అందమైన ఊరి పేరు ఈ పాపిష్టి రోగానికి పెట్టారు.

మొదట మేత మానేసింది. తెల్లారి చూస్తే ఆకుపచ్చ రెట్ట, వాలిపోయిన రెక్కలు, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి. పక్కింటి బాబాయి గోడ మీంచి చూసి "ఇంకా చూస్తావేంట్రా, చచ్చేలోపు కోసేయ్" అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే... సరేలే, పెద్దాయన. గద్ద వస్తే పిల్లల కోసం మీదికెగిరిన తల్లిరా అది!

పశువుల డాక్టరు గారు ఉన్నమాట చెప్పారు. ఇది వైరస్, మందు లేదు, టీకా ఒక్కటే దారి, అదీ రోగం రాకముందే. పిల్ల పుట్టిన మొదటి వారంలో కంట్లో లసోటా టీకా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ టీకా ఇంజెక్షన్. వచ్చాక మాత్రం వేరుగా ఉంచి, నీరసంతో పోకుండా తిండీ నీళ్లూ పట్టించడమే. చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దన్నారు, మనకి కళ్లకలక వస్తుందట.

పాత వంటింట్లో గంప కింద పెట్టి గోనెసంచి కప్పాను. పల్చటి రాగి జావ, సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్క. నాలుక వెనకాల చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఊపిరి దారి అదే. జావ అందులో పడిందా, ఇక అంతే. అందుకని చుక్క వేయడం, గుటక వేసేదాకా ఆగడం, మళ్లీ చుక్క. మెడ కింద తిండి సంచి తడిమితే మెత్తగా తగిలినప్పుడు నా ప్రాణం కుదుటపడేది.

ఊపిరి తేలికైందనుకునేసరికి మెడ తిరిగిపోయిందిరా. తల వెనక్కి మెలిపడి ఆకాశం చూసేది. గింజ కనిపిస్తుంది, పొడుస్తుంది, ముక్కు పక్కనేలకి తగులుతుంది. ఏ చిన్న చప్పుడైనా మెలిక ఎక్కువై గిరగిరా తిరిగి పడిపోయేది. అమ్మ చూడలేక లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నేనూ... వద్దులే, నువ్వొచ్చాక చెప్తాను.

కొన్నిటికి ఈ మెలిక మెల్లగా తగ్గుతుందట, కొన్నిటికి జన్మంతా ఉంటుందట. తినగలిగితే బతుకుతుందన్నారు. అందుకే నూకలు చల్లడం మానేసి లోతు గిన్నె నిండా పోశాను, ఎక్కడ పొడిచినా గింజే తగిలేలా. మెడ రెండు వేళ్ల మధ్య పట్టుకుని గిన్నె మీదికి తెచ్చేవాణ్ణి. ఈ పొద్దున వేళ్లు తీసేశాను. తల వణికింది, పక్కకి పోయింది, తిరిగొచ్చి టక్కున పొడిచింది. నూక మింగిందిరా! మళ్లీ పొడిచింది! నా కేకకి అమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

మెడ ఇంకా వంకరే. మిగతా కోళ్లలో ఇప్పుడే కలపను, రెట్టలో వైరస్ ఇంకా ఉండొచ్చు. బాబాయి ఇందాక వచ్చి టీకాలు ఎప్పుడు వేస్తారని అడిగాడు. ఆయన కోళ్లనీ రాయించాను.

నీకు సెలవెప్పుడు? మీ అన్న దగ్గర ఆ పరమాన్నం గిన్నె సంగతి మాత్రం ఎత్తకు, ఆయన ఇంకా మరిచిపోలేదు. ఇంకోటి, మన చెరువు గట్టు మీద... అయ్యో, తమ్ముడు బండి స్టార్ట్ చేసేశాడు, పోస్టాఫీసు మూసేలోపు వేస్తానని కేకలేస్తున్నాడు. మిగతాది తర్వాత.

నీ
రెండో బెంచీ