సర్కిళ్ల దగ్గర ఎక్కడ ఆగకూడదో ముందు గీసి చూపించండి: తిరుపతి జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి మీరే అధ్యక్షులు. నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు, ఆర్ అండ్ బీ, రవాణా శాఖ, ఆర్టీసీ ఒకేచోట కూర్చుని మాట్లాడుకునేది ఆ కమిటీలోనే. అందుకే ఈ లేఖ ఏ ఒక్క శాఖకో కాకుండా మీకు రాస్తున్నాం. మా విన్నపం ట్రాఫిక్ ఐలాండ్ల దగ్గర, అంటే బండ్ల దారులను విడదీయడానికి రోడ్డు మధ్యలో వదిలే దిమ్మెల దగ్గర, బండ్లు ఆపడం గురించి. లీలామహల్, పూర్ణకుంభం, అన్నమయ్య, రామానుజ, టౌన్ క్లబ్, అలిపిరి గరుడ సర్కిళ్లు సాయంత్రమయ్యేసరికి బిగుసుకుపోతున్నాయంటే దానికి బండ్లు పెరగడం ఒక్కటే కారణం కాదు. సరిగ్గా ఆగకూడని పది పదిహేను మీటర్లలోనే రెండు మూడు బండ్లు ఆగుతున్నాయి. ఆ పది మీటర్లు ఏవో రోడ్డు మీద ఎక్కడా గీసి లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

చట్టానికి లోటు లేదు. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, ఇబ్బంది కలిగేలా బండిని రోడ్డు మీద నిలపకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. 1989 నాటి నిబంధనల స్థానంలో 2017లో వచ్చిన కేంద్ర డ్రైవింగ్ నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి: కూడలి అంచు నుంచి అటూ ఇటూ 50 మీటర్ల లోపు పార్కింగ్ కూడదు. ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల మీద, రోడ్డు అంచున పసుపు గీత ఆగకుండా సాగినచోట, నిలిపి ఉన్న మరో బండి పక్కన కూడా కూడదు. సర్కిల్లో అప్పటికే తిరుగుతున్న వాహనానికే ముందు దారి అన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది.

అయితే ఆ 50 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? నిలువుగా, అడ్డంగా నేరుగా కలిసే రోడ్లయితే అంచు తేలిగ్గా తెలుస్తుంది. మన సర్కిళ్లలో రోడ్డు వంపు తిరుగుతూ వచ్చి కలుస్తుంది. కానిస్టేబుల్ ఒకచోటు నుంచి లెక్కేస్తే ఆటో డ్రైవరు ఇంకోచోటు నుంచి లెక్కేస్తాడు, వాదన మొదలవుతుంది. మా సూచన ఇది. స్టాప్ లైన్ (సిగ్నల్ ముందు బండ్లు ఆగాల్సిన గీత) ఉన్నచోట దాని నుంచి, లేనిచోట కెర్బ్ రాయి (రోడ్డు అంచున పాతే రాయి) వంపు మొదలయ్యే బిందువు నుంచి టేపు పట్టి కొలవండి. 50 మీటర్లు పూర్తయిన చోట అడ్డంగా ఒక పొట్టి పసుపు గీత గీసి, అక్కడి నుంచి సర్కిల్ దాకా అంచు వెంట పసుపు గీత లాగండి. ఇక ఎవరూ కొలిచే పని ఉండదు.

బోర్డుల విషయంలో ఒక తేడా గమనించాలి. నీలం పళ్లెం మీద ఒక్క ఎర్ర ఏటవాలు గీత ఉంటే పార్కింగ్ కూడదని అర్థం. మనిషిని దింపి వెంటనే కదిలిపోవచ్చు. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటే క్షణం కూడా ఆగకూడదని. ఐలాండ్ చుట్టూ కావాల్సింది ఈ రెండోదే. అక్కడ నష్టం చేసేది గంటల తరబడి నిలిపిన కార్లు కావు, అర నిమిషం ఆగి పోయే ఆటోలు, జీపులు. ఒకటి కదిలేలోపు ఇంకొకటి వచ్చి ఆగుతుంది కాబట్టి ఆ చోటు ఎప్పుడూ నిండే ఉంటుంది.

ఆ అర నిమిషం ఖరీదు లెక్కవేసి చూపిస్తాం. సిగ్నల్ దగ్గర రోడ్డు వెడల్పు 7 మీటర్లనుకుందాం. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం గంటసేపు గ్రీన్ వెలిగితే మీటరు వెడల్పుకు 525 కార్లు దాటుతాయి. అంటే 30 సెకన్ల గ్రీన్‌కు 7 మీటర్లలో సుమారు 30 కార్లు. ఆటో వెడల్పు 1.3 మీటర్లు. ఎక్కేవాళ్ల కోసం కెర్బ్ వైపు వదిలే చోటు, పక్క బండ్లు ఎడం పాటించి పోయే చోటు కలుపుకుంటే 2.2 మీటర్లు పోతాయి. మిగిలిన 4.8 మీటర్లలో దాటేది 21 కార్లే. వచ్చే బండ్లు తగ్గకపోతే గ్రీన్‌కు 9 చొప్పున వెనక మిగులుతాయి. ఐదు గ్రీన్లు గడిచేసరికి 45 కార్లు, రెండు వరుసల్లో నిలబడ్డా 130 మీటర్ల పైమాటే. ఇదంతా స్టాప్ లైన్ పక్కన వంతులవారీగా ఆగే ఆటోల వల్ల.

ఫ్రీ లెఫ్ట్‌లో, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారిలో, పరిస్థితి ఇంకా కష్టం. మూడు మూలల ఐలాండ్ ఎడమ పక్కగా పోయే ఆ దారి ఒక్క వరుసకే సరిపోతుంది, వెడల్పు మూడున్నర నాలుగు మీటర్లు. కెర్బ్‌కు ఆనించి ఆపిన కారు అద్దంతో సహా రెండు మీటర్లు తింటుంది. మిగిలిన దాంట్లో స్కూటరు దూరుతుంది తప్ప బస్సు పోదు. పైగా మలుపులో బస్సు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి జరిగి వస్తాయి. 12 మీటర్ల బస్సుకు మలుపులో దాని సొంత వెడల్పు కంటే చాలా ఎక్కువ చోటు కావాలి. ఆ చోట ఆటో ఉంటే బస్సు సగం తిరిగి ఆగిపోతుంది, దాని తోక నేరుగా పోయే దారికి అడ్డం పడుతుంది. ఎడమకు తిరిగే ఒక్క బండి కోసం మూడు దిక్కులూ ఆగుతాయి.

గుండ్రటి సర్కిళ్ల విషయంలో అందరి చూపూ మధ్యలోని దిమ్మె మీదే ఉంటుంది. మా దృష్టిలో అసలు జాగ్రత్త పడాల్సింది బయటికి వెళ్లే దారుల దగ్గర. లోపలున్నవాడికే ముందు దారి అనే నియమం పనిచేయాలంటే లోపలున్నవాడు బయటపడాలి. బయటపడే దారి మొదట్లోనే షేర్ ఆటో ఆగితే వెనక వరుస సర్కిల్ లోపలికి పాకుతుంది. అది పక్క రోడ్డు ప్రవేశాన్ని మూసేస్తుంది, ఆ రోడ్డు వరుస దాని వెనక కూడలికి చేరుతుంది. కానిస్టేబుల్ లోపల నిలబడి ఎంత చేయి ఊపినా విడిపోదు, ఎందుకంటే ముడి ఉన్నది ఆయన కంటికి కనపడని చోట. కాబట్టి ఒక్క మనిషినే పెట్టగలిగితే దిమ్మె పక్కన కాదు, రద్దీ ఎక్కువగా బయటికి పోయే దారి మొదట్లో పెట్టించండి.

దిమ్మె పక్కన ఆపడం మరో రకం ప్రమాదం. మనం సర్కిల్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలో చుడతాం కాబట్టి దిమ్మె డ్రైవరుకు కుడిచేతి వైపు ఉంటుంది. గరుడ సర్కిల్లో ఫొటో కోసం కారు ఆపితే కుటుంబం దిగేది ఎడమ తలుపులోంచి, అంటే తిరుగుతున్న బండ్ల మధ్యలోకి. కొండకు వచ్చిన భక్తులకు స్వామివారి వాహనం ముందు ఫొటో దిగాలని ఉండటం సహజం. వద్దనడం కంటే, కూడలి దాటాక ఫుట్‌పాత్ పక్కన ఫొటోకు వీలైన ఒక చోటు చూపించి, అక్కడికి బాణం గుర్తు పెట్టించడం మేలు.

డివైడర్ మధ్యలో నడిచేవాళ్లు ఆగే చిన్న ఐలాండ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. బస్టాండు, శ్రీనివాసం, విష్ణునివాసం వసతి సముదాయాల చుట్టుపక్కల సంచులు, చంటిపిల్లలు, వృద్ధులతో రోడ్డు దాటేవాళ్లకు అదే ఊపిరి పీల్చుకునే చోటు. దాని లోతు కనీసం 2 మీటర్లు ఉండాలి. సైకిలు పొడవే దాదాపు 1.8 మీటర్లు, అంతకంటే తక్కువైతే వెనక చక్రం రోడ్డు మీదే ఉంటుంది. ఈ ఖాళీల్లో బైకులు, తోపుడు బండ్లు నిలుపుతున్నారు. అడ్డుగా గుంజలు పాతితే సరిపోతుందనుకుంటారు గానీ, చక్రాల కుర్చీ సాఫీగా పోవాలంటే గుంజల మధ్య 90 సెంటీమీటర్లు వదలాలి, అంత సందులో స్కూటరూ దూరుతుంది. ఇక్కడ గుంజల కంటే చలానా పనిచేస్తుంది. జీబ్రా గీతలకు ముందు ఆగిన బండి కూడా అంతే ప్రమాదం. దాని ముందు నుంచి అడుగు వేసే పిల్లవాడు పక్క వరుస డ్రైవరుకు కనపడడు. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి చూసి, తేరుకుని, ఆగడానికి 30 మీటర్లు కావాలి. 40 అయితే 45 మీటర్లు.

శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023 సెప్టెంబరులో పూర్తయ్యాక దూరం పోయే బండ్లు పైకెక్కాయి. కానీ ర్యాంపు దిగి కింది రోడ్డుతో కలిసే ప్రతిచోటా ఒక మొన ఏర్పడింది. అక్కడ ఏటవాలు చారలు గీసే భాగం ఖాళీ స్థలం కాదు, అది కూడా ఐలాండే. దిగే బండినీ కింది బండినీ విడదీయడానికే దాన్ని వదులుతారు. చారల మీద బండి ఆపితే ఎడమకు తప్పుకోమని చెప్పే బోర్డు దాని వెనక దాక్కుంటుంది, రాత్రి లైట్లు ఆర్పి ఆపితే దిగేవాడికి దగ్గరికి వచ్చేదాకా తెలియదు. చెడిపోయి ఆగిన బండి అయినా సరే, రాకపోకలకు ప్రమాదంగా ఉంటే వెంటనే తొలగించే అధికారం 127వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది, లాగిన ఖర్చు యజమానిదే.

ఇక గీతల పని. మామూలు పెయింటుతో గీస్తే ఈ రద్దీకి కొన్ని నెలల్లోనే చెరిగిపోతుంది. వేడిచేసి కరిగించి వేసే థర్మోప్లాస్టిక్ వాడాలి. మందం 2.5 మిల్లీమీటర్లు, వేడిగా ఉండగానే పైన చదరపు మీటరుకు 250 గ్రాముల గాజుపూసలు చల్లాలి. పూసలు తగ్గితే రాత్రి మెరవదు. బిల్లు చెల్లించే ముందు చీకటిపడ్డాక కారు లైట్లు వేసి చూడమనండి, అక్కడే తేలిపోతుంది. ఆటోలు రోజూ నిలబడే చోట ఇంజిన్ ఆయిల్ కారి తారులో ఇంకి ఉంటుంది. ఆ జిడ్డు మీద వేసిన గీత పెచ్చులుగా లేచిపోతుంది, మనకు గీత అన్నిటికంటే ముఖ్యమైనది సరిగ్గా ఆ చోటే. వైరు బ్రష్షుతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరాక ప్రైమర్ వేయించండి. తడి రోడ్డు మీద ఈ పని కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి వేసవి ముగిసేలోపు చేస్తేనే బ్రహ్మోత్సవాలకు అక్కరకొస్తుంది.

బోర్డు అడుగు అంచు ఫుట్‌పాత్ నుంచి 2.1 మీటర్ల ఎత్తున ఉంటే మనుషులు తల తగలకుండా పోతారు. గుర్తు ఏ రాష్ట్రం వాళ్లకైనా తెలుస్తుంది, కింద రాసే దూరం, బాణం మాత్రం తెలుగు, తమిళం, ఇంగ్లిష్‌లలో ఉండాలి. ఐలాండ్ల మొనల్లో మొక్కలు మోకాలి ఎత్తు దాటకూడదు. జయంతులకు, పుట్టినరోజులకు బోర్డుల మీద కట్టే ఫ్లెక్సీలను ఏ పార్టీవైనా అదే రోజు తీయించాలని కోరుతున్నాం. దుకాణదారులు సొంతంగా పెట్టుకునే నో పార్కింగ్ బోర్డులకు చట్టబలం లేదు, అవి ఉన్నంతకాలం అసలు బోర్డుకూ విలువ ఉండదు.

ఆటోవాళ్లను తరిమితే పక్క సందులోకి వెళ్లి గంటలో తిరిగొస్తారు. వాళ్లకూ కుటుంబాలున్నాయి, ప్రయాణికులకూ వాళ్లు కావాలి. 117వ సెక్షన్ కింద ఆగే చోట్లు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉంది. బయటికి పోయే ప్రతి ముఖ్యమైన దారిలో సర్కిల్ నుంచి 60 మీటర్లు దాటాక ఒక బే, అంటే ఆటోలు ఆగడానికి గీతలతో విడదీసిన చోటు, ఇవ్వండి. ఆటో పొడవు 2.6 మీటర్లు, ముందూ వెనకా ఎడం కలిపి 3.5 చొప్పున ఆరు ఆటోలకు 21 మీటర్లు, లోతు 2 మీటర్లు. ఏడో ఆటో వస్తే ముందున్నది కదలాలి. గాంధీ రోడ్డు వంటి పాత వీధుల్లో రెండు కూడళ్ల మధ్య దూరం 100 మీటర్ల కంటే తక్కువైతే చట్టప్రకారం ఎక్కడా పార్కింగ్‌కు చోటు మిగలదు. ఆ మాట వ్యాపారులకు ముందే చెప్పి, నడిచి వెళ్లగల దూరంలో పార్కింగ్ స్థలం చూపించాకే అమలు చేయాలి.

జరిమానా ఆఖరున రావాలి. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో 177వ సెక్షన్ కింద మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1500 రూపాయలు. డ్రైవింగ్ నిబంధనల ఉల్లంఘనకు 177ఏ కింద 500 నుంచి 1000. గీత లేనిచోట వేసిన చలానా కోర్టులో నిలవడం కష్టం, జనానికీ అన్యాయమనిపిస్తుంది. ఫొటోలో నంబరు ప్లేటు, పసుపు గీత, బోర్డు మూడూ ఒకే ఫ్రేములో పడాలి. పోలీసు, ప్రభుత్వ వాహనాలకూ అదే గీత వర్తించాలి. చారల మీద ప్రభుత్వ జీపు నిలబడి ఉంటే పక్కన ఆటోవాడికి చెప్పే నైతిక బలం ఎవరికీ ఉండదు. రోడ్డు డిజైన్, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే సంబంధిత సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకూ జరిమానా అని 198ఏ సెక్షన్ చెబుతోందని కూడా ఇంజినీర్లకు గుర్తుచేయండి.

అన్ని సర్కిళ్లూ ఒకేసారి వద్దు. ముందు పూర్ణకుంభం సర్కిల్ తీసుకోండి. రాత్రిపూట ఖాళీగా ఉన్నప్పుడు కొలతలు, ఆ తర్వాత ఉత్తర్వు, గీతలు, బోర్డులు, ఆటో బే. తర్వాత పది రోజులు హెచ్చరికలు మాత్రమే, పదకొండో రోజు నుంచి చలానాలు. పనికి ముందు ఒక వారం, చలానాలు మొదలయ్యాక ఒక వారం సాయంత్రం 5 నుంచి 8 వరకు ప్రతి రోడ్డు మీద వరుస ఎంత పొడవు సాగిందో పది నిమిషాలకోసారి రాయించి, ఆ రెండు పట్టికలూ కమిటీ తదుపరి సమావేశంలో పెట్టించండి. రెండో సర్కిల్‌కు డబ్బు విడుదల చేయాలా వద్దా అన్నది ఆ పట్టికలు చూసి నిర్ణయించండి. కొలతలకు, పటాలకు మా సాయం కావాలంటే రుసుము లేకుండా వస్తాం.

ఇట్లు,
తిరుపతిలోని కొందరు రోడ్డు ఇంజినీర్లు, డ్రైవింగ్ శిక్షకులు