డెలానోకు వచ్చే ముందు

చిట్టితల్లికి,

నిన్న ఫోన్‌లో నువ్వు "ఇప్పుడెందుకమ్మా, అన్నయ్యను అసలు జైలుకు మార్చాక వస్తాలే, ఇది మధ్యలో మజిలీయే కదా" అన్నావు. అప్పటికి సరేనన్నాను గానీ మనసు ఒప్పుకోలేదు. ఈ విషయం మాట్లాడబోతే నాకు ఏడుపు ముందొస్తుంది, నీకు కోపం ముందొస్తుంది. అందుకే రాస్తున్నాను. వాడు ఇప్పుడున్న నార్త్ కెర్న్ జైల్లో ఉండగానే నువ్వు ఒక్కసారి వచ్చి చూడాలి. ఎందుకంటున్నానో అర్థం కావాలంటే అక్కడ ఏం జరుగుతుందో నీకు తెలియాలి.

కాలిఫోర్నియాలో సుమారు ముప్పై రాష్ట్ర జైళ్లున్నాయి. శిక్ష పడ్డ మనిషిని నేరుగా వాటిలో దేనికీ పంపరు. ముందు రిసెప్షన్ సెంటర్‌కు తీసుకెళ్లి, ఎవరిని ఎక్కడ ఉంచాలో అక్కడ తేలుస్తారు. మగవాళ్లకు డెలానోలోని నార్త్ కెర్న్, దానికి దగ్గర్లోనే వాస్కో. ఆడవాళ్లకు చౌచిల్లా. 2011లో చట్టం మారాక చిన్న నేరాలవాళ్లను చాలామటుకు కౌంటీ జైళ్లలోనే, అంటే మన జిల్లా జైళ్లలాంటివాటిలోనే ఉంచేస్తున్నారు. అన్నయ్యది తాగి కారు నడిపి ఒకరి ప్రాణం తీసిన కేసు. చట్టంలో దానికి నాలుగు, ఆరు, పదేళ్లని మూడు మెట్లున్నాయి. జడ్జి నాలుగేళ్లు వేశారు. ఈ నేరానికి శిక్ష రాష్ట్ర జైల్లోనే. అందుకని శాంటా రీటా అనే కౌంటీ జైలు నుంచి షెరిఫ్ బస్సులో డెలానోకు వెళ్లాడు. ఏ రోజు తీసుకెళ్తారో భద్రత కోసం ముందుగా చెప్పరు. జైళ్ల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే కొత్త చోటు, కొత్త నంబరు కనిపించాయి. ఇంగ్లిష్ అక్షరాలు రెండు, అంకెలు నాలుగు. ఇక ఉత్తరం రాసినా, డబ్బు పంపినా, ములాఖత్ అడిగినా ఆ నంబరుతోనే. పూజగదిలో క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకున్నాను.

దిగగానే ఒంటి మీద నూలుపోగు లేకుండా తనిఖీ చేస్తారు. వేలిముద్రలు, ఫొటో, డీఎన్‌ఏ శాంపిల్, గుర్తింపు కార్డు. తర్వాత వరసగా పరీక్షలు. టీబీ, రక్తం, పళ్లు, మానసిక ఆరోగ్యం. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా అని కూడా అడుగుతారు. ఎంతవరకు చదవగలడో చూడటానికి ఒక పరీక్ష పెడతారు. ఇంజనీరింగ్ చదివినవాడికీ అదే, బడి ముఖం చూడనివాడికీ అదే. ఆ మార్కులు చూసి తర్వాత ఏ తరగతిలో కూర్చోబెట్టాలో నిర్ణయిస్తారు.

వీటన్నిటికంటే ముఖ్యం కౌన్సిలర్‌తో మాట్లాడే రోజు. కౌన్సిలర్ అంటే ఓదార్చే మనిషి అనుకోకు. ఆయన ముందు కోర్టు కాగితాలు, పాత రికార్డు ఉంటాయి. లోపల నీకు శత్రువులెవరైనా ఉన్నారా, ఏదైనా గ్యాంగుతో సంబంధం ఉందా, ఇంటి నుంచి ఎవరొచ్చి చూస్తారు అని అడిగి పాయింట్లు వేస్తాడు. శిక్ష ఎన్నేళ్లో దానికి రెట్టింపు పాయింట్లు, అంటే వాడికి ఎనిమిది అక్కడే వచ్చేశాయి. మొదటిసారి అరెస్టయినప్పటి వయసు, జైలుకు వచ్చినప్పటి వయసు కూడా లెక్కలోకి వస్తాయి. వయసు ఎంత తక్కువైతే పాయింట్లు అంత ఎక్కువ. మొత్తం 18 వరకు ఉంటే లెవెల్ వన్, 35 వరకు టూ, 59 వరకు త్రీ, 60 నుంచి ఫోర్. లెవెల్ పెరిగేకొద్దీ గోడలు, కాపలా, చుట్టూ ఉండే మనుషులు అన్నీ మారిపోతాయి. చిన్నవయసుకు పాయింట్లు ఎక్కువేయడం ఏమిటని మీ నాన్న మండిపడ్డారు. నాకు మాత్రం ఒక లెక్కంటూ ఉండటమే మేలనిపించింది. లెక్క లేకపోతే కాగితం చేతిలో ఉన్నవాడి ఇష్టమే మిగులుతుంది. పైగా ఈ పాయింట్లు అక్కడితో ఆగిపోవు. ఏటా మళ్లీ చూస్తారు, గొడవల్లేకుండా ఉంటే తగ్గుతాయి.

ఇదంతా పూర్తవడానికి మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు. నువ్వు మజిలీ అన్నది ఈ మూడు నెలలనే. బయటి నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. లోపలున్నవాడికి ఇంతకంటే కష్టమైన రోజులుండవు. మామూలు జైల్లో పని ఉంటుంది, క్లాసులుంటాయి, ఇంటివాళ్లు ఆర్డరిచ్చే ప్యాకేజీలొస్తాయి. రిసెప్షన్‌లో అవేవీ లేవు. రోజులో ఎక్కువ భాగం ఇద్దరుండే సెల్లోనే. క్యాంటీన్‌లో కొనుక్కునేదానికీ కోత. 2023 నుంచి కాలిఫోర్నియా జైళ్లలో ఫోన్‌కు డబ్బు తీసుకోవడం లేదు, అది పెద్ద ఊరట. కానీ వాడి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా పదిహేను నిమిషాలకు కట్టయిపోతుంది. అన్నిటికీ మించి, ఎక్కడికి పంపుతారో తెలియని టెన్షన్. ఒరెగాన్ సరిహద్దుకా, మెక్సికో సరిహద్దుకా? ఇంటికి దగ్గర్లో వేయమని అడగొచ్చు, మాట మాత్రం ఇవ్వరు. సరిగ్గా ఈ రోజుల్లోనే మనిషికి "నాకెవరూ లేరు" అనిపిస్తే, ఎవరు దగ్గరికి తీస్తే వాళ్ల వెంట వెళ్లిపోతాడు. లోపల దగ్గరికి తీసేవాళ్లకు కొదవలేదు. నా భయమంతా అదే.

వాణ్ణి చూడటానికి నువ్వు పెట్టిన ఫారం సంగతి. అప్రూవల్ వచ్చిందని వాడికే చెబుతారు, వాడు మనకు చెప్పాడు. కాదంటేనే నీ ఇంటికి ఉత్తరం వచ్చేది. నీకు పాత కేసులేవీ లేవు కాబట్టి తొందరగానే తేలింది. ఎప్పుడో ఒకసారి అరెస్టయిన సంగతి ఫారంలో రాయకుండా వదిలేసేవాళ్లకే ఎక్కువగా చిక్కొస్తుంది. చేసినదానికంటే దాచినదాన్నే వాళ్లు పట్టించుకుంటారు. ఈ అప్రూవల్ వాడితోపాటే వస్తుంది, రేపు ఏ జైలుకు మార్చినా మళ్లీ మొదటి నుంచి నింపక్కర్లేదు.

ఇక చూడటం ఎలాగో చెబుతాను. రిసెప్షన్‌లో ఉన్నన్నాళ్లూ అద్దం అవతలి నుంచే. కొత్తగా వచ్చిన ఖైదీల సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి లోపలికి ఏమీ చేరకుండా ఈ ఏర్పాటు. వాణ్ణి ముట్టుకోలేవు, ఒక్క కాగితం ముక్క అందించలేవు. కనకదుర్గమ్మ కుంకుమ పొట్లం కారులోనే వదిలేసి వెళ్లాను. గేటు దగ్గర లైసెన్స్ చూపించి, సంతకం పెట్టి, చెప్పులు విప్పి మెటల్ డిటెక్టర్‌లోంచి నడవాలి. ఫోన్, స్మార్ట్‌వాచీ, హ్యాండ్‌బ్యాగ్ ఏవీ రావు. కారు తాళంచెవి, గుర్తింపు కార్డు చాలు.

బట్టల దగ్గర జాగ్రత్త. నీలం జీన్స్ అసలు వద్దు, మామూలు జైళ్లలో ఖైదీలు వేసుకునేవి అవే. ముదురాకుపచ్చ ప్యాంటు మీద ఖాకీరంగు చొక్కా వద్దు, అది అక్కడి ఆఫీసర్ల యూనిఫాం. నారింజరంగు, మిలిటరీ మచ్చల బట్టలు, భుజాలకు పట్టీల్లేనివి, మోకాళ్లకు బాగా పైకి ఉండేవి కూడా కుదరవు. లోదుస్తుల్లో తీగ ఉంటే మిషన్ కూస్తుంది, వెనక్కి పంపేస్తారు. నేను చీర మానేసి వదులైన చుడీదార్ వేసుకున్నాను, చీరకు పిన్నులు పెట్టకుండా నాకు కుదరదు. నువ్వు నల్ల ప్యాంటు, ఆ మెరూన్ కుర్తీ వేసుకో. ఇంకో జత కారులో పెట్టుకుందాం.

లోపల చిన్న గదిలో నేలకు బిగించిన స్టూలు, దళసరి అద్దం, అటూ ఇటూ గోడకు ఒక్కో రిసీవర్ ఉంటాయి. దాని ఇనుప తీగ పొట్టిది. ముందుకు వంగితేగానీ చెవికి ఆనదు. మనం ముగ్గురం వెళ్తే ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరికీ వాడి పెదాలు కదలడమే కనిపిస్తుంది. కాబట్టి వంతులేసుకోవాలి. నాన్న వంతు వచ్చినప్పుడు నోరు తెరిచి "తిన్నావా" అనడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. వాడు రిసెప్షన్‌లో అందరికీ ఇచ్చే నారింజరంగు బట్టల్లో, జుట్టు బాగా కత్తిరించి ఉంటాడు. చూసి బెదరకు. బరువు తగ్గాడు గానీ ఆరోగ్యంగానే ఉన్నాడు. చికెన్ లేకుండా ముద్ద దిగనివాడు, శాకాహారం కావాలని తనంతట తానే అర్జీ పెట్టుకున్నాడట. అలా అడిగితే ఇస్తారు. ఎందుకురా అంటే తల దించుకున్నాడు, నేను రెట్టించలేదు.

మాటలు రికార్డు చేయొచ్చు, లాయరుతో మాట్లాడేవి తప్ప. మనకు దాచాల్సినవి లేవు. తెలుగులోనే మాట్లాడు, వాడి చెవి దానికోసం ఆకలిగా ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు పంపినప్పుడు సగమే చేరితే ఖంగారుపడతావు. కోర్టు వేసిన నష్టపరిహారం తీరేదాకా వాడి ఖాతాలో పడే ప్రతిదాంట్లో సగం అటు పోతుంది. అందులో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఆ రాత్రి పనిమీంచి ఇంటికెళ్తూ పోయిన మనిషికి ఇద్దరు పిల్లలు. కోర్టులో వాళ్లమ్మ మాట్లాడిన ప్రతి మాటా నాకు గుర్తుంది. మనం వాడికి నూడుల్స్ కోసం వంద పంపితే యాభై ఆ పిల్లలకు చేరడం న్యాయమే.

నీ కోపం నాకు తెలియనిది కాదు. "మజిలీ" అనేది సాకు, అసలు సంగతి వాడి ముఖం చూడలేకపోవడం. నువ్వు ఎన్నిసార్లు చెప్పావు వాడికి, తాగితే తాళాలు ముట్టుకోవద్దని. ఆ కోపం తీసుకునే రా. అద్దం ముందు కూర్చుని అదే మాట వాడి ముఖం మీద అడుగు. అది అడిగే హక్కు నీకుంది, వినాల్సిన అవసరం వాడికుంది. నువ్వు రాకపోతే మాత్రం వాడు ఏవేవో ఊహించుకుంటాడు. నాలుగు గోడల మధ్య అలాంటి ఊహలు బాగా పెరుగుతాయి.

గుంటూరులో అమ్మమ్మకు చెప్పేశాను. బంధువులకు ప్రాజెక్టు మీద వేరే ఊరెళ్లాడని చెబుదామన్నారు నాన్న. నాలుగేళ్ల ప్రాజెక్టని ఎవరు నమ్ముతారు? అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉత్తరం రాస్తే ఇస్తారా వాడికి" అని అడిగింది. చదివే ఇస్తారని చెప్పాను. తెలుగులో రాస్తే ఏమవుతుందోనని అమ్మమ్మ మాటలు నేను ఇంగ్లిష్‌లో పెట్టి పంపుతున్నాను.

ఇంకోటి. ఇలాంటి కష్టంలోనే ఉన్న ఒక తెలుగు కుటుంబం ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అన్నయ్య ఇక్కడ పుట్టాడు కాబట్టి మనకు ఆ భయం లేదు. వాళ్లబ్బాయి వీసా మీద వచ్చినవాడు, శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేయొచ్చు. నేరం ఒప్పుకునే ముందే ఇమిగ్రేషన్ లాయరును కలవాలని, భారత కాన్సులేట్‌కు కబురు చేయమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం కింద ఉందని చెప్పాను. నీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా అవసరం పడితే సిగ్గుపడకుండా నా నంబరివ్వు.

శనివారానికి స్లాట్ చూస్తున్నాను, అది ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. డాలస్ నుంచి బేకర్స్‌ఫీల్డ్‌కు శుక్రవారం టికెట్ తీసుకో, అక్కడి నుంచి డెలానో ముప్పై మైళ్లే. నేనూ నాన్నా ఫ్రీమాంట్ నుంచి కారులో వచ్చి నిన్ను ఎక్కించుకుంటాం. పొగమంచు రోజులు కదా, హైవే 99 మీద ముందు కారు కూడా కనిపించదు, తెల్లవారుజామున బయలుదేరనివ్వను, ముందురోజే వచ్చి ఉంటాం. ఒకవేళ నువ్వు విడిగా రావాల్సి వస్తే, సెసిల్ అవెన్యూ మీదే కెర్న్ వ్యాలీ అని ఇంకో జైలుంది, బోర్డు చూసి తిరుగు. విమానం ఎక్కే ముందు వెబ్‌సైట్‌లో వాడి నంబరు ఇంకోసారి కొట్టి అక్కడే ఉన్నాడని చూసుకో, మార్చేస్తే మనకు ఫోన్ చేసి చెప్పేవాళ్లుండరు. నీ లైసెన్స్ తేదీ దాటలేదు కదా, అదీ చూడు. టికెట్ తీసుకోగానే మెసేజ్ పెట్టు, ముగ్గురి పేర్లతో స్లాట్ ఖాయం చేస్తాను.

అమ్మ