ఎవరి చేతిలో ఓడావో అది చూడు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

బిడ్డా,

బాక్సింగ్ క్యాంపులో ఫోన్లు తీసేసుకుంటారని మీ కోచ్ చెప్పారు, అందుకే ఉత్తరం రాస్తున్నా. ఇంట్లో అందరం బాగున్నాం. బస్సెక్కే ముందు నువ్వన్న మాటే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. బరువు తగ్గి కింది కేటగిరీకి వెళ్తానన్నావు. అక్కడ పోటీ తక్కువ, నిన్ను ఓడించిన ఆ పొడుగమ్మాయి ఎదురుపడదు, రికార్డులో ఇంకో ఓటమి చేరదు. పైగా అమెరికా బాక్సర్ మేవెదర్‌ని చూపించావు, 50 గెలుపులు, ఒక్క ఓటమీ లేదని.

మేవెదర్ గొప్పవాడే, కాదనను. 2013లో కనేలో అల్వారెజ్‌ని, 2015లో పాకియావ్‌ని గెలిచాడు. ఆ సున్నాకి విలువ అలాంటివాళ్ల వల్ల వచ్చింది. మరి 50వ గెలుపు ఎవరి మీద? 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద. అతనికి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అదే మొదటి బౌట్. కాగితం మీద ఆ గెలుపూ ఒకటే, పాకియావ్ మీద గెలుపూ ఒకటే. నువ్వు రింగులోకి దిగినదానివి, రెండూ ఒకటేనని నువ్వు అనగలవా?

షుగర్ రే రాబిన్సన్‌ని అందరికంటే గొప్ప బాక్సర్ అనేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆయనకు 19 ఓటములు. మొదటిది 1943లో జేక్ లమోటా చేతిలో. తనను ఓడించాడని లమోటాని తప్పించుకు తిరగలేదు. మొత్తం ఆరుసార్లు తలపడి ఐదు గెలిచాడు. ఆ 19లో దాదాపు సగం నలభై దాటాక వచ్చినవే. వాటిని, మంచి వయసులో ఓడినదాన్ని ఒకే గాటన కట్టకూడదు. పాకియావ్ కూడా అంతే. 2005లో ఎరిక్ మొరాలెస్ చేతిలో ఓడి, 2006లో అతనితోనే రెండుసార్లు తలపడి రెండుసార్లూ నాకౌట్ చేశాడు. ఓటమి తర్వాత బాక్సర్ ఎవరిని అడిగి మరీ ఎదుర్కొన్నాడో, నేను ముందు అది చూస్తాను.

ఇంత దూరం ఎందుకు, మన నిజామాబాద్ నిఖత్‌నే తీసుకో. 2019 డిసెంబర్ సెలక్షన్ ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. ఆ రోజే లెక్క తేల్చేసి ఉంటే ఏమయ్యేది? 2022లో ఇస్తాంబుల్‌లో ఐదుగురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారు, ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్, అంటే బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే స్థానం, లేకపోవడంతో చైనా అమ్మాయి వు యు, టాప్ సీడ్, రెండో బౌట్‌లోనే ఎదురైంది. నిఖత్ 5-0తో ఓడింది. చివరికి స్వర్ణం కూడా ఆ వు యుకే వచ్చింది. ఆ రోజు మన గల్లీలో ‘నిఖత్ పని అయిపోయింది’ అన్నవాళ్లను నువ్వే కసిరావు. ఆమెకు పెట్టిన కొలత నీకెందుకు పెట్టుకోవు తల్లీ?

అలాగని ప్రతి ఓటమినీ వెనకేసుకు రమ్మనడం లేదు. 1988 సియోల్‌లో రాయ్ జోన్స్‌ని 3-2తో ఓడించినట్టు ప్రకటించారు, అదే ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీ మాత్రం అతనికే ఇచ్చారు. అది జడ్జీల తప్పు. 1971లో ముహమ్మద్ అలీ జో ఫ్రేజియర్ చేతిలో ఓడాడే, అది అసలైన ఓటమి. ఆ రాత్రి ఫ్రేజియరే మెరుగు. అలీ ఎంత గొప్పవాడైనా ఆ బౌట్ లెక్కలో ఉండాల్సిందే. 1980లో లారీ హోమ్స్ చేతిలో ఓటమి వేరు. అప్పటికి అలీకి 38 ఏళ్లు. కాళ్లు కదలడం లేదు, చేతులు లేవడం లేదు. పదో రౌండ్ అయ్యాక కార్నర్‌లోనే ఆపించారు. దాన్ని నేను అలీ ఖాతాలో వేయను. ఆ వయసులో ఆయన్ను రింగులోకి దింపినవాళ్ల ఖాతాలో వేస్తాను.

ఇక నీ బౌట్. అది దొంగ తీర్పు కాదు, నువ్వు ఓడావు. మొదటి రౌండ్ నీదే. రెండో రౌండ్ సగం నుంచి, జాబ్, అదే ముందు చేత్తో వేసే సూటి దెబ్బ, వేసి చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు గడ్డం దగ్గరికి రావాల్సిన గ్లవ్ నడుము దాకా జారింది. ఆ అమ్మాయి లెఫ్టీ, తన ముందు కాలు నీ కాలికి బయట పెట్టి, ఆ సందులోంచే ఎడమ చెయ్యి వేసింది. అదే దెబ్బ మళ్లీ మళ్లీ తగిలింది. రిఫరీ ఇద్దరి మణికట్లూ పట్టుకొని నిలబడ్డప్పుడు నువ్వు నేల చూస్తున్నావు, ఆ పిల్ల మాత్రం నీవైపే చూస్తోంది. కిందికి దిగాక తను వాళ్ల కోచ్‌తో ‘మొదటి రౌండ్‌లో బెదిరిపోయాను సార్’ అనడం నేను చెవులారా విన్నాను. నీ రికార్డులో ‘ఓటమి’ అని ఒక్క మాటే ఉంటుంది, ఇదేదీ ఉండదు.

కేటగిరీ మారడానికి నేను ఒప్పుకోను. ఎదిగే వయసులో తిండి, నీళ్లు మానేసి ఒంటిని ఎండగట్టుకోవడం మీ అమ్మకూ ఇష్టం లేదు. ఆ అమ్మాయి ఏ టోర్నీకి పేరిస్తే నువ్వూ దానికే ఇవ్వు. మళ్లీ ఓడినా సరే, నాకేం బాధ లేదు.

బౌట్ వీడియో కోచ్‌కి పంపాను. రెండో రౌండ్ ఆయన పక్కన కూర్చొని చూడు. కొత్త బ్యాండేజీలు బ్యాగు పక్క జేబులో ఉన్నాయి. సెలవు రోజు ఫోన్ ఇస్తారట కదా, చెయ్యి.

మీ నాన్న