వార్షిక నివేదిక: స్పిన్ శిక్షణ

సభ్యులందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో మనం వేర్వేరు క్లబ్బుల్లో గ్లైడర్లు (ఇంజిన్ లేని విమానాలు) ఎగరేస్తున్నా, ఈ ఏడాది అందరం కలిసి ఎక్కువ శ్రద్ధ పెట్టింది స్పిన్ మీదే, అంటే రెక్క పట్టు తప్పి విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం మీదే. అమెరికాలో ప్రైవేట్ పైలట్ పరీక్ష నుంచి 1949లోనే స్పిన్‌ను తీసేశారు. గ్లైడర్‌కు మాత్రం అది తప్పదని శిక్షణ విభాగం గట్టి అభిప్రాయం. థర్మల్‌లో (పైకి లేచే వేడిగాలిలో) మనం గంటల తరబడి స్టాల్ వేగానికి, అంటే రెక్క గాలి పట్టు కోల్పోయే వేగానికి, దగ్గరగానే తిరుగుతాం. 36 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే గ్లైడర్, 45 డిగ్రీల వంపులో 43 నాట్లకే స్టాల్ అవుతుంది.

3,000 అడుగుల మీద స్పిన్‌లోంచి బయటపడటం మన పైలట్లలో చాలామందికి వచ్చు. ప్రాణాలు పోయేది మాత్రం ల్యాండింగ్‌కు ముందు తీసుకునే చివరి మలుపులో. శిక్షణ గ్లైడర్ ఒక్క చుట్టుకు సుమారు 200 నుంచి 300 అడుగులు దిగుతుంది, డైవ్‌లోంచి లేపడానికి ఇంకా ఎత్తు కావాలి. చివరి మలుపులో ఉండేదే ఆ కాస్త ఎత్తు. అందుకే ఈసారి మొదలయ్యే స్పిన్‌ను పసిగట్టడం మీదే ఎక్కువ పని చేశాం.

అభ్యాసం ఇలా సాగింది. పుఖాచ్ అనే రెండు సీట్ల శిక్షణ గ్లైడర్‌ను ఏరోటోలో (ఇంజిన్ విమానంతో లాగించి) 3,000 అడుగులకు తీసుకెళ్లి, బెల్టులు బిగించి, కాక్‌పిట్‌లో వదులు వస్తువులు లేవని చూసుకుని, కింద ఊళ్లు లేని చోట చుట్టూ తిరిగి ఆకాశం ఖాళీ అని నిర్ధారించుకుంటాం. తర్వాత అక్కడే ఒక ఊహా రన్‌వే పెట్టుకుని, మలుపు ఆలస్యమైన పైలట్ చేసే పనే చేస్తాం. నేల దగ్గరపడిందన్న భయంతో వంపు తక్కువ ఉంచి, మలుపు లోపలివైపు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక చుక్కాని) తొక్కి ముక్కును లాగుతాం. గ్లైడర్ పక్కకు జారుతోందా అని చూపే, కెనోపీ (కాక్‌పిట్ అద్దం) మీది ఉన్ని దారం కొస మలుపు లోపలికి వాలుతుంది. ముక్కు కిందికి పోబోతే చెయ్యి తెలియకుండానే స్టిక్ (నియంత్రణ కర్ర) వెనక్కి లాగుతుంది. లోపలి రెక్క జారుతుంది. అప్పుడు దాన్ని ఐలరాన్‌తో (రెక్క చివర కదిలే పలకతో) లేపబోవడమే అసలు తప్పు. స్టాల్ అయిన రెక్క మీద ఐలరాన్ కిందికి దిగితే గాలి కోణం ఇంకా పెరిగి రెక్క మరింత జారుతుంది. ముందు స్టిక్ ముందుకు. రెక్కకు గాలి పట్టాకే వంపు సరిచేయాలి. దారం లోపలికి వాలగానే చెయ్యి ముందుకు కదిలే దాకా దీన్ని తిప్పి తిప్పి చేయించాం.

పూర్తి స్పిన్‌కు ఎప్పటి క్రమమే: ఐలరాన్లు మధ్యలో, తిరుగుడుకు ఎదురుగా పూర్తి రడ్డర్, ఒక్క క్షణం ఆగి, తిరుగుడు ఆగేదాకా స్టిక్ నిదానంగా ముందుకు, ఆగగానే రడ్డర్ మధ్యకు, తర్వాత మెల్లగా లేపడం. కొన్ని గ్లైడర్లలో స్టిక్ ముందే తోసేస్తే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ నడిపే తోక పలక) రడ్డర్‌కు గాలి అందకుండా అడ్డుపడుతుంది, అందుకే ఆ విరామం. రడ్డర్ అలాగే తొక్కి ఉంచితే రెండోవైపు స్పిన్ మొదలవుతుంది. తొందరపడి లాగితే మళ్లీ స్టాల్. గ్లైడర్ మాన్యువల్ వేరేగా చెబితే మాన్యువల్ మాటే పాటించండి.

స్పైరల్ డైవ్‌ను (స్టాల్ కాకుండానే వంపులో సుడి తిరుగుతూ దూకడాన్ని) స్పిన్ అనుకోవడం కూడా ప్రమాదమే. వేగం పెరుగుతూ, ఒళ్లు సీటుకు అదుముకుపోతుంటే అది స్పైరల్. అక్కడ స్టిక్ ముందుకు తోస్తే గరిష్ఠ వేగం దాటిపోతుంది. రెక్కలు సమం చేసి, తర్వాతే మెల్లగా లేపాలి.

కే-21 అనే మరో రెండు సీట్ల గ్లైడర్ మామూలు బరువులతో సరిగా స్పిన్ కాదు, తరచూ స్పైరల్‌లోకి జారుతుంది. దాంతో నేర్పాలంటే తోకకు బరువులు బిగించాలి. ఎన్ని బిగించాలో మాన్యువల్‌లోని పట్టికలో, ఇద్దరి బరువునూ పారాచూట్లతో సహా లెక్కేసి చూడాలి. ఫ్లైట్ అయిన వెంటనే అవి తీసేయాలి. మరిచిపోతే తర్వాత ఒంటరిగా ఎక్కే బక్కపలచని విద్యార్థికి గురుత్వ కేంద్రం ప్రమాదకరంగా వెనక్కి పోతుంది. బరువులున్నంతసేపూ కాక్‌పిట్‌లో ఎర్ర ట్యాగ్ వేలాడాలని నిర్ణయించాం.

వచ్చే సీజన్‌లో మొదటి సోలో ఫ్లైట్‌కు ముందు, అనుభవజ్ఞులతో సహా అందరూ చివరి మలుపు అభ్యాసం, రెండు వైపులా పూర్తి స్పిన్ చేసి చూపాలి. ఒక ఫ్లైట్‌లో రెండు స్పిన్‌లకు మించి వద్దు. కడుపులో తిప్పుతున్నవాళ్లకు ఏమీ తలకెక్కదు. ఖాళీ కడుపుతో రాకండి. ఏమాత్రం తేడాగా ఉన్నా వెంటనే శిక్షకుడికి చెప్పండి, ఆ రోజుకు ఆపేస్తారు.