ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి, పర్లాకిమిడి నుంచి ఒక పాటగత్తె

కలెక్టర్ గారూ నమస్కారం,

నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని, పదకొండేళ్లుగా పెళ్లిళ్లకీ పండగలకీ స్టేజి మీద పాడుతున్నాను, మాది ఆరుగురు ఆడవాళ్ల ట్రూప్, హార్మోనియం దగ్గర్నుంచి డోలక్ దాకా అన్నీ మేమే వాయిస్తాం.

పోయిన సంవత్సరం ఒక ఊళ్లో పాడాం, పోస్టర్ మీద కీబోర్డ్ వాయించే అబ్బాయి పేరుంది గానీ మా పేర్లు లేవు, చీర మార్చుకోడానికి గది లేదు, డబ్బులు మూణ్ణెల్లకి వచ్చాయి అదీ సగమే. మా చెల్లి ఆ రాత్రి బస్సు దొరక్క స్టాండులో ఏడ్చింది, అప్పట్నుంచి పాడటం మానేసింది. దాని గొంతు మీరు వినలేదు కదా, అదే నా బాధ.

మాకు దగ్గర్లోనే విజయనగరం ఉంది, 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది, అక్కడే సంగీతం నేర్చుకున్న పి.సుశీల గారు 17,695 పాటలతో 2016లో గిన్నిస్‌కెక్కారు. మా అమ్మ వంట చేస్తూ ఆవిడ పాటలు పాడేది, నేను అలాగే నేర్చుకున్నా.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, అయినా మా ఇళ్లలో తెలుగు పాట ఆగలేదు, అందుకే అడుగుతున్నాను, జిల్లా ఉత్సవంలో ఒక సాయంత్రం ఆడవాళ్లకే ఇవ్వండి, ఒడియా, సవర, తెలుగు పాటలు అన్నీ ఉండాలి, వాయించేవాళ్లూ సౌండ్ చూసేవాళ్లూ కూడా ఆడవాళ్లే ఉండాలి. డబ్బులు ఆ రాత్రే బ్యాంకులో వెయ్యండి, ఇంటికి చేర్చే బండి పెట్టండి. పోస్టర్ మీద అందరి పేర్లూ రాయించండి.

మా చెల్లిని ఆ రోజు నేనే తీసుకొస్తానండీ.