పసికందు కళ్లకు చిక్కటి రక్తం తెచ్చే చిక్కు

సంపాదకుల వారికి,

పుట్టిన బిడ్డ కంటి తెల్లగుడ్డులో ఎర్రటి మరక కనిపిస్తే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. చాలావరకు అది కాన్పు ఒత్తిడికి పైపొర కింద చిట్లిన చిన్న రక్తనాళం. రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. పట్టించుకోవలసింది పైకి కనిపించనిదాన్ని. రక్తం మితిమీరి చిక్కగా ఉన్న కొందరు శిశువుల్లో కంటి వెనక వెలుగును గ్రహించే పొర అయిన రెటీనా మీది సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి, ఒక్కోసారి రక్తం కారుస్తాయి. రక్తహీనత గురించి పత్రికల్లో తరచూ చదువుతాం, దీని గురించి దాదాపు చదవం. అందుకే ఈ లేఖ.

రక్తంలో ఎర్రకణాల వాటాను ల్యాబ్ రిపోర్టులో పీసీవీ అని రాస్తారు. సిర నుంచి తీసిన రక్తంలో అది 65 శాతానికి చేరినా, దాటినా నవజాత శిశువుకు పాలీసైథీమియా ఉన్నట్టు లెక్క. అక్కడిదాకా నిదానంగా పెరిగిన చిక్కదనం ఆపైన ఒక్కసారిగా ఎగబాకుతుంది. పైగా రక్తం ఎంత నెమ్మదిగా పారితే అంత చిక్కనవుతుంది. రెటీనా రక్తాన్ని బయటికి చేర్చే ప్రధాన సిర కంటినరంతో పాటు చాలా ఇరుకైన దారిలోంచి రావాలి. అక్కడ ప్రవాహం మందగిస్తే వెనకున్న సిరలు నిండిపోతాయి, వాటి గోడలకు ఆక్సిజన్ అందదు, రక్తం బయటికి ఊరుతుంది. సిర పూర్తిగా మూసుకుపోవడం మాత్రం అరుదు.

తల్లికి మధుమేహం ఉన్నా, కడుపులో ఎదుగుదల కుంటుపడినా, ఒకే మాయను పంచుకున్న కవలల్లో ఒకరి రక్తం మరొకరికి చేరినా, డౌన్ సిండ్రోమ్ ఉన్నా ఈ ముప్పు ఎక్కువ. బొడ్డుతాడును మరీ ఆలస్యంగా కోసినా రావచ్చు. అలాగని వెంటనే కోసేయడం పరిష్కారం కాదు. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగడం వల్ల బిడ్డకు మేలే.

ఎక్కువ పొరపాట్లు జరిగేది రక్తపరీక్షలో. మడమ గుచ్చి తీసిన రక్తంలో పీసీవీ అసలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది, తేడా ఒక్కోసారి 15 శాతం దాకా ఉంటుంది. అది అనుమానం ఉన్నవారిని ముందుగా ఏరడానికి పనికొస్తుంది కానీ చికిత్స నిర్ణయానికి సిర రక్తమే కావాలి. వేళ కూడా ముఖ్యమే. పీసీవీ పుట్టిన రెండు గంటలకు గరిష్ఠానికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. ముప్పున్న బిడ్డకు 2 గంటలకు చూసి, ఎక్కువగా ఉంటే 12, 24 గంటలకు మళ్లీ చూడాలి. రెండో మూడో రోజున పెరిగితే బరువు చూడండి. పాలు చాలక ఒంట్లో నీరు తగ్గి ఉంటే ముందు సరిచేయాల్సింది దాన్నే.

కంట్లో వేసే ఏ చుక్కలూ ఈ రక్తస్రావాన్ని కరిగించవు. చికిత్స రక్తానికే. బిడ్డ మందకొడిగా ఉండటం, పాలు తాగకపోవడం, వణుకు, ఆయాసం, షుగర్ పడిపోవడం వంటి లక్షణాలుంటే పాక్షిక రక్తమార్పిడి ఆలోచిస్తారు. ఎంత రక్తం మార్చాలో లెక్క ఇది: ఒంట్లోని మొత్తం రక్తాన్ని, ఇప్పటి పీసీవీకీ కావలసిన పీసీవీకీ ఉన్న తేడాతో గుణించి, ఇప్పటి పీసీవీతో భాగించాలి. మూడు కిలోల బిడ్డకు కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున 240 మి.లీ. రక్తం. పీసీవీని 75 నుంచి 55కి దించాలంటే 64 మి.లీ. మార్చాలి. కొద్దికొద్దిగా తీస్తూ అంతే సెలైన్ ఎక్కించాలి. దానికి బదులు ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఎక్కించడం వల్ల అదనపు ప్రయోజనం లేదు, ఇన్ఫెక్షన్ భయం ఉంది. ఎక్కించకుండా రక్తం తీయడం మాత్రం ప్రమాదం, బీపీ పడిపోతుంది. లక్షణాలేవీ లేని బిడ్డకు కేవలం అంకె చూసి రక్తమార్పిడికి తొందరపడకూడదని మా గట్టి అభిప్రాయం. దానివల్ల దీర్ఘకాలిక మేలు రుజువు కాలేదు, పేగులకు హాని జరిగే అవకాశం ఉంది.

బిడ్డ కుదుటపడ్డాక రెటీనా చూడాలి. కంటిపాప పెద్దది కావడానికి 2.5 శాతం ఫినైలెఫ్రిన్ చుక్కలు చాలు, పెద్దలకు వాడే 10 శాతం మందు పసికందు బీపీని ప్రమాదకరంగా పెంచగలదు. చెంప మీదికి జారిన చుక్కను వెంటనే తుడవాలి. పాలు పట్టిన వెంటనే పరీక్ష వద్దు, అలాగని షుగర్ తగ్గే బిడ్డను గంటల తరబడి ఆకలితో ఉంచకూడదు.

రెటీనా మీద కనిపించిన ప్రతి రక్తపు చుక్కకూ చిక్కటి రక్తమే కారణమనుకోవద్దు. మామూలు కాన్పులో పుట్టిన ఆరోగ్యవంతుల్లోనూ సుమారు నాలుగో వంతు మందిలో ఇవి ఉంటాయి. వాక్యూమ్ కాన్పుల్లో ఇంకా ఎక్కువ. చాలావరకు రెండు వారాల్లో మాయమవుతాయి. పాలీసైథీమియాలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గడం కూడా ఉంది కాబట్టి ఆ పరీక్షా చేయించాలి. అశ్రద్ధ చేయకూడనిది రెటీనా నడుమ స్పష్టమైన చూపునిచ్చే భాగమైన మాక్యులాను కప్పేసిన రక్తం. అది వారాల తరబడి నిలిచిపోతే ఆ కంటి చూపును మెదడు నేర్చుకోదు. ఆ బిడ్డను రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చూపించాల్సిందే. నెలలు నిండని బిడ్డలకు, రెటీనా రక్తనాళాలు సరిగా ఎదగని జబ్బును పట్టుకోవడానికి చేసే ఆర్‌ఓపీ పరీక్ష వేరు. రక్తం బాగుందని దాన్ని మానకూడదు.

ఆస్పత్రులకు మా విన్నపం ఒక్కటే. డిశ్చార్జి కాగితంలో గరిష్ఠ పీసీవీ ఎంత, ఎన్నో గంటన తీసింది, సిరలోంచా మడమలోంచా, రెటీనాలో ఏం కనిపించింది, మళ్లీ ఏ తేదీన రావాలి అన్నవి రాసి ఇవ్వండి.

ఇట్లు,
నవజాత శిశు, నేత్ర వైద్య విభాగాల వైద్యులు